సత్యభామ జడ, మోంటానా చట్టం

(అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక పిల్లల లైబ్రేరియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు ముందు వరసల్లో కూర్చున్నారు. పనిరోజుల్లో పిల్లల్ని లైబ్రరీకి తీసుకొచ్చేది ఎక్కువగా మీరే కాబట్టి ఈ మాటలు ముందు మీకే చెప్పాలి.

ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరిగింది. ఆడవేషం కట్టిన ఒకాయన లైబ్రరీలో పిల్లలకు బొమ్మల పుస్తకం చదువుతున్నాడు. ఆ వేషాన్నే ఇక్కడ డ్రాగ్ అంటారు. "మన పిల్లల్ని ఎటు తీసుకెళ్తున్నారు వీళ్లు?" అని కొందరు, "పుస్తకం చదివితే కొంపేం మునిగింది?" అని కొందరు. మాటామాటా పెరిగేసరికి అడ్మిన్‌గారు ఆ చర్చ ఆపేశారు. గ్రూపులో ఆగింది గానీ ఇళ్లలో ఆగలేదు. అందుకే ఈ సంఘం వాళ్లు నన్ను పిలిచారు. నేను పిల్లల విభాగంలో పనిచేస్తాను. ఇక్కడ చెప్పేవి నా సొంత అభిప్రాయాలు, నేను పనిచేసే లైబ్రరీవి కావు.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లవాణ్ణి ఏ కార్యక్రమానికి తీసుకెళ్లాలో తేల్చుకోవాల్సింది తల్లీ తండ్రీ. అక్కడికి వచ్చిన పిల్లలందరి బాధ్యతా లైబ్రరీది. మనిషి కట్టిన వేషాన్ని చూసి చట్టం చేస్తే అది ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది గానీ ఎవరి మీద పడుతుందో తెలియదు. ఈ మూడో మాట గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

డ్రాగ్ అంటే వేదిక కోసం కట్టే వేషం. ఎక్కువగా మగవాళ్లు ఆడవేషం కడతారు, వాళ్లను డ్రాగ్ క్వీన్ అంటారు. మగవేషం కట్టేవాళ్లు డ్రాగ్ కింగ్. పెద్ద విగ్గు, తళుకుల గౌను, కనుబొమలు దాటిన రంగులు. ఇది బార్లలో, క్లబ్బుల్లో పెరిగిన కళ. అక్కడ పెద్దలకోసం చేసే ప్రదర్శనల్లో బూతు ఉంటుంది, వెటకారం ఉంటుంది. ఈ సంగతి దాచిపెట్టి వాదించేవాళ్లతో నాకు పొసగదు. ట్రాన్స్‌జెండర్ కావడం వేరు, డ్రాగ్ చెయ్యడం వేరు. ట్రాన్స్ మనుషుల్లో కొందరు డ్రాగ్ చేస్తారు, అంతే.

డ్రాగ్ వేషంలో పిల్లలకు కథలు చదవడం అనేది 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. రచయిత్రి మిషెల్ టీ అప్పటికి చంటిబిడ్డ తల్లి. బిడ్డను లైబ్రరీ కథల గంటకు తీసుకెళ్తే, తమలాంటి క్వీర్ కుటుంబాలు, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషులు ఉన్న కుటుంబాలు, అక్కడ ఎక్కడా కనపడలేదు ఆవిడకి. రాడార్ అనే సాహిత్య సంస్థతో కలిసి, కాస్ట్రో పేటలో హార్వీ మిల్క్ పేరున్న బ్రాంచి లైబ్రరీలో మొదటి కార్యక్రమం పెట్టారు. అక్కణ్ణుంచి న్యూయార్క్, లాస్ ఏంజిలిస్, తర్వాత లండన్, మ్యూనిక్, మెల్‌బోర్న్ దాకా పాకింది. మొదట్లో 'డ్రాగ్ క్వీన్ స్టోరీ అవర్' అనేవారు, 2022లో 'డ్రాగ్ స్టోరీ అవర్' అని మార్చుకున్నారు.

అక్కడ జరిగేది ఏమిటంటారా? నేను చూసిన కార్యక్రమాల్లో మూడు నాలుగు బొమ్మల పుస్తకాలు, మధ్యలో చేతులు తిప్పుతూ పాడే పాట ఒకటి, చివర్లో రంగు కాగితాలతో కిరీటం చెయ్యడం. పిల్లలు అక్షరాల గళ్లున్న తివాచీ మీద కూర్చుంటారు, పెద్దవాళ్లు వాళ్ల వెనకే ఉంటారు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా వయసు. ఒక పాప లేచి వెళ్లి ఆ గౌను మీద తళుకులు వేలితో పైకీ కిందకీ నిమిరింది, రంగు మారుతోందని. "నీ జుట్టు నిజం జుట్టేనా?" అని అడిగింది. "కాదమ్మా, ఇంకా మూడున్నాయి ఇంట్లో" అని ఆయన జవాబు. పాప తృప్తిగా వచ్చి కూర్చుంది. పిల్లల వరకు సంగతి ఎక్కువసార్లు అంతే.

కానీ పెద్దల వరకు అంతే అని నేను అనను. ఈ కార్యక్రమం నడిపేవాళ్లు తమ ఉద్దేశం ఏమిటో మొదటినుంచీ రాసుకునే ఉన్నారు. ఆడా మగా అన్న గీతలు బాల్యంలో అంత గట్టిగా ఉండవనీ, ఆ ఊహకూ ఆటకూ చోటివ్వాలనీ, క్వీర్ మనుషులు పిల్లలకు మంచి ఆదర్శంగా కనపడాలనీ వాళ్ల మాట. అంటే ఇది ఉత్త చదువు కాదు, దీని వెనక ఒక ఆలోచన ఉంది. ఆ ఆలోచన మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. "ఉట్టి కథలేనండీ, మీకెందుకు భయం" అని తల్లిదండ్రులను తేలిగ్గా తీసేసేవాళ్లు వాళ్లను గౌరవించడం లేదు. నచ్చని తల్లిని మూర్ఖురాలు అనడం తప్పు. నచ్చిన తల్లిని బిడ్డను పాడుచేస్తోంది అనడమూ అంతే తప్పు.

ఇప్పుడు మనకు దగ్గర్లో జరిగిన విషయానికి వస్తాను. ఇక్కణ్ణుంచి 880 హైవే మీద ఉత్తరంగా వెళ్తే శాన్ లొరెంజో వస్తుంది. అక్కడి లైబ్రరీ కూడా మన అలమీడా కౌంటీదే. ఇక్కడ ఫ్రీమాంట్‌లో మీ పిల్లలు వాడే కార్డు అక్కడా చెల్లుతుంది. 2022 జూన్ 11న అక్కడ పాండా డుల్సే అనే వేదిక పేరున్న కళాకారిణి కథలు చదువుతుండగా ప్రౌడ్ బాయ్స్ అనే అతివాద ముఠా వాళ్లు కొందరు లోపలికి చొరబడ్డారు. ఒకడి చొక్కా మీద తుపాకీ బొమ్మ. తివాచీ మీద కూర్చున్న పిల్లల ముందే బూతులు, అరుపులు. "పిల్లల్ని కాపాడటానికి వచ్చాం" అంటూ ఆ గదిలో పిల్లల్ని భయపెట్టింది వాళ్లే. షెరిఫ్ కార్యాలయం దీన్ని ద్వేషనేరం కోణంలోనూ, పిల్లలను వేధించడం కోణంలోనూ దర్యాప్తు చేసింది.

2025 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ దగ్గర తె అటాటూ లైబ్రరీలోనూ ఇంతే. ఒక డ్రాగ్ కింగ్ పిల్లలకు సైన్సు ప్రయోగాలు చూపిస్తుంటే, డెస్టినీ చర్చి మనుషులు భవనంలోకి దూసుకొచ్చారు. చిన్నపిల్లలతో సహా లోపలివాళ్లు తలుపులు వేసుకుని గదిలో ఉండిపోవాల్సి వచ్చింది. ఇలాంటివాటికి విసిగి కెనడాలో కాల్గరీ నగరం 2023 మార్చిలో ఒక నిబంధన తెచ్చింది. లైబ్రరీల, ఆటల కేంద్రాల గుమ్మాలకు 100 మీటర్ల లోపు ఇలాంటి నిరసనలు కూడదని. ఆ నిబంధన నాకు పూర్తిగా మింగుడుపడదు. రోడ్డు మీద ప్లకార్డు పట్టుకుని నిలబడే హక్కు నాకు నచ్చని మనిషికీ ఉండాలి. గుమ్మానికి అడ్డం పడకుండా, పిల్లల ముఖం మీద అరవకుండా చూస్తే చాలు.

ఇక చట్టాలు. టెన్నెసీ రాష్ట్రంలో 2023 మార్చి 2న గవర్నర్ బిల్ లీ ఒక చట్టం మీద సంతకం చేశారు. ఆడవేషం మగవేషం కట్టేవాళ్లను కూడా 'పెద్దల వినోదం' జాబితాలో చేర్చి, పిల్లలకు హానికరమైన ప్రదర్శన బహిరంగ స్థలాల్లో చెయ్యకూడదన్నారు. రెండోసారి దొరికితే ఆరేళ్ల దాకా జైలు. మెంఫిస్‌లోని ఒక డ్రాగ్ నాటక బృందం కోర్టుకెక్కింది. ట్రంప్ నియమించిన జడ్జి థామస్ పార్కరే 2023 జూన్ 2న దాన్ని కొట్టేశారు. మాటలు అస్పష్టంగా ఉన్నాయనీ, పరిధి మరీ ఎక్కువనీ. 2024 జులైలో పై కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. చట్టం సరైనదని కాదు, ఆ బృందానికి దావా వేసే అర్హత లేదని.

టెన్నెసీ చట్టంలో కనీసం 'హానికరమైన' అన్న షరతు ఉంది. మోంటానా చట్టంలో అదీ లేదు. ఇది మీరు జాగ్రత్తగా వినాలి. 2023 మేలో వచ్చిన ఆ చట్టం ప్రకారం డ్రాగ్ క్వీన్ అంటే, ఆర్భాటంగానో వెక్కిరింపుగానో స్త్రీ రూపం ధరించి, తళుకుబెళుకుల దుస్తులూ మేకప్పూ, లేదా అతిగా కనిపించే దుస్తులూ మేకప్పూ వేసుకున్న కళాకారుడు గానీ కళాకారిణి గానీ. అలాంటి మనిషి పిల్లలకు పుస్తకం చదివితే అది డ్రాగ్ స్టోరీ అవర్. ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడిలో, లైబ్రరీలో పనివేళల్లో అది నిషిద్ధం. ఏ పుస్తకం చదివారన్నది చట్టానికి అక్కర్లేదు. అశ్లీల ప్రదర్శనల గొడవ వేరే నిబంధనలో ఉంది. ఇక్కడ నేరమల్లా వేషం కట్టి చదవడమే.

ఆ నిర్వచనం చదవగానే నా కళ్ల ముందు కనపడింది భామాకలాపం. ఇద్దరు మనుషులు అటూ ఇటూ తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెల చప్పుడు. మనిషి ఇంకా కనపడడు, తెర మీంచి జడ వచ్చి ముందుకు పడుతుంది. రాగిడి, చంద్రవంక, జడబిళ్లలు, జడకుచ్చులు, అన్నీ దీపాల వెలుగులో మెరుస్తుంటాయి. ఆ జడ వేసుకున్న సత్యభామ తరతరాలుగా మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషానికే దేశమంతా పేరుపొందారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే రంగస్థలం మీద సత్యభామగా స్థానం నరసింహారావుగారు, బాపట్లవారు, 1956లోనే పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చీర కట్టుకునే తీరు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ ప్రదర్శనలకు పిల్లలు రాలేదా? తల్లుల ఒళ్లో కూర్చుని తెల్లవార్లూ చూశారు. తళుకుబెళుకుల దుస్తులు ఉన్నాయి, ఆర్భాటపు స్త్రీ రూపం ఉంది, మేకప్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి కళాకారుడు మోంటానాలో ఒక ఊరి లైబ్రరీకి వెళ్లి, ఆ వేషంతోనే పిల్లలకు కృష్ణుడి కథ చదివితే, రాసిన అక్షరం ప్రకారం ఆ లైబ్రరీకి జరిమానా వెయ్యవచ్చు.

ఇది నా ఊహ అనుకోవద్దు. ఆ చట్టం మొదటి దెబ్బ తగిలింది డ్రాగ్ కళాకారులకే కాదు. బ్యూట్ అనే ఊళ్లో లైబ్రరీవాళ్లు ఒక స్థానిక అమెరికన్ మహిళను, మోంటానా ఆదివాసుల చరిత్రలో ట్రాన్స్ మనుషుల స్థానం గురించి మాట్లాడమని పిలిచారు. ఆవిడ ట్రాన్స్ మహిళ. వేషం లేదు, కథ లేదు, ఉపన్యాసం మాత్రమే. చట్టం వచ్చిన కొద్దిరోజులకే, జూన్ మొదట్లో, ఆ ఉపన్యాసం రద్దు చేశారు, ఈ చట్టాన్నే కారణంగా చూపించి. మామూలు దుస్తుల్లో వచ్చి మాట్లాడే మనిషిని అధికారులు ఆ నిర్వచనంలో ఇరికించారు. తర్వాత అదే ఏడాది ఫెడరల్ జడ్జి బ్రయన్ మోరిస్ చట్టం అమలును ఆపేశారు.

కూచిపూడీ డ్రాగూ ఒకటే అని నేను అనడం లేదు. సత్యభామ వేషంలో వెక్కిరింపు లేదు, భక్తి ఉంది. డ్రాగ్‌లో అతి చెయ్యడమే కళ. అయినా, మగవాడు ఆడవేషం కట్టడం చూస్తే పిల్లలు చెడిపోతారు అన్న మాట మన నోట రాకూడదు. తిరుపతిలో గంగమ్మ జాతరకు వెళ్లినవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు, చేతులెత్తారు. మే నెల ఎండలో మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, చేతుల్నిండా గాజులతో వీధుల్లో నడుస్తారు. పదేళ్ల మగపిల్లలకు తల్లులే కాటుక దిద్ది పంపుతారు. మర్నాడు ఆ పిల్లలే గల్లీలో క్రికెట్ ఆడుకుంటారు.

అయితే మన చరిత్రలో ఇంకో పేజీ ఉంది, అదీ చదవాలి. వేదిక మీద ఆడవేషానికి దండలు వేసిన మనమే, వేదిక దిగి స్త్రీగా బతకాలనుకున్న మనిషిని ఊళ్లోకి రానివ్వలేదు. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. హిజ్రాలు ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనపడినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వాళ్ల దగ్గర పదహారేళ్లలోపు మగపిల్లవాడు ఉంటే శిక్ష. వాళ్ల పేర్లకు పోలీసుల దగ్గర ఒక రిజిస్టరు. అందులోనూ చెప్పిన కారణం పిల్లల రక్షణే. స్వతంత్రం వచ్చినా, రాష్ట్రాలు కలిసినా, విడిపోయినా ఆ చట్టం పుస్తకాల్లో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లీ తదితరులు కోర్టుకు వెళ్తే, తెలంగాణ హైకోర్టు 2023 జులై 6న రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. టెన్నెసీ తీర్పు వచ్చిన నెల దాటిన కొద్దిరోజులకే. భూగోళానికి అటో చట్టం, ఇటో చట్టం, మధ్యలో నూరేళ్లకు పైగా దూరం. రెండింటిలోనూ వేషమే నేరానికి గుర్తు. హైదరాబాద్‌లో ఆ చట్టం కింద నలిగిన మనుషుల బతుకులు తెలిసినవాళ్లు మోంటానా చట్టాన్ని పిల్లల రక్షణ అని ఎలా నమ్ముతారు?

పిల్లల రక్షణ అంటే నిజంగా ఏమిటో హ్యూస్టన్ చెప్పింది. 2019 మార్చిలో అక్కడి పబ్లిక్ లైబ్రరీలో డ్రాగ్ కథలు చదివినవాళ్లలో ఒకరు గతంలో ఒక పిల్లవాడి మీద లైంగిక నేరానికి శిక్ష పడినవాడని బయటపడింది. ప్రభుత్వ రిజిస్టరులో పేరున్న మనిషి. లైబ్రరీ నేపథ్య తనిఖీ చెయ్యలేదు. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మావాళ్లలో కొందరు, ఎందుకు తవ్వుతావంటారు. ఎందుకంటే తల్లిదండ్రుల భయాల్లో ఇది పూర్తిగా న్యాయమైన భయం. విగ్గు పెట్టుకున్నా, సూటు వేసుకున్నా, శాంతాక్లాజ్ గడ్డం అతికించుకున్నా, పిల్లల ముందుకు వచ్చే ప్రతి మనిషికీ ఒకే తనిఖీ జరగాలి. మినహాయింపు ఉండకూడదు, దొడ్డిదారి ఉండకూడదు. చాలా లైబ్రరీలు ఈ విషయంలో గట్టిపడ్డాయి, ఇంకా గట్టిపడాలి.

ఇంకొకటి. తలుపు తెరిచి ఉంచాలంటే అందరికీ తెరిచి ఉంచాలి. 2022లో నటుడు కిర్క్ కామెరాన్ క్రైస్తవ విలువల పిల్లల పుస్తకం రాసి, లైబ్రరీల్లో చదువుతానంటే చాలా లైబ్రరీలు కుదరదన్నాయని ఆయన ప్రచురణకర్తలు చెప్పారు. తర్వాత ఇండియానాపొలిస్‌లో గది దొరికింది, డిసెంబరు చివర్లో జనం పోటెత్తారు. ఆయన అభిప్రాయాలతో నాకు చుక్కెదురు. అయినా ప్రజల గది అద్దెకిచ్చే నియమం ఆయనకూ ఒకటే, డ్రాగ్ కళాకారుడికీ ఒకటే, రేపు మన బాలవికాస్ తరగతి పెట్టుకోవాలన్నా ఒకటే. ఈ దేశంలో మైనారిటీగా బతుకుతున్న మనకు ఆ నియమం ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

సమయం అయిపోవస్తోంది. ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రశ్న: "అమ్మా, మా మనవడికి ఐదేళ్లు. అవన్నీ చూస్తే వాడూ అలా అయిపోతాడేమోనని మా భయం. ఇందులో తప్పుందా?")

భయపడటంలో తప్పేం లేదండీ బాబాయిగారూ. ఒక కథల గంట చూసి ఎవరూ ఏదీ అయిపోరు. గంగమ్మ జాతరలో చీర కట్టిన పిల్లల సంగతి ఇందాకే చెప్పాను. ఐదేళ్ల పిల్లవాడు పొద్దున పులి, మధ్యాహ్నం పోలీసు, రాత్రికి అమ్మ చున్నీ కప్పుకుని రాణి. కానీ మన ఇళ్లల్లో కొందరు పిల్లలు నిజంగానే వేరుగా ఉంటారు. ఏ వేషం చూడకపోయినా ఉంటారు. ఇలాంటి వీడియో మీద మనం డైనింగ్ టేబుల్ దగ్గర అనే మాటలు వాళ్లు వింటూ ఉంటారు, ఏమీ అనకుండా. మీకు ఇష్టం లేకపోతే మనవణ్ణి తీసుకెళ్లకండి, అది మీ ఇంటి నిర్ణయం. వాడి ముందు ఆ మనుషుల్ని తిట్టడం మాత్రం వద్దని నా ప్రార్థన.

(ప్రశ్న: "తెలియకుండా తీసుకెళ్తే? మామూలు స్టోరీటైమ్ అనుకుని వెళ్లి ఇరుక్కుంటే?")

మంచి ప్రశ్న. కార్యక్రమం పేరు క్యాలెండర్‌లో స్పష్టంగా ఉండాలి, అడిగే హక్కు మీకుంది. అక్కడికి వెళ్లాక తెలిసినా ఫర్వాలేదు, నిశ్శబ్దంగా లేచి పిల్లవాణ్ణి తీసుకుని పక్క గదిలో పుస్తకాల దగ్గరకు వెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. ఏ పుస్తకాలు చదవబోతున్నారని ముందురోజు ఫోన్ చేసి అడగండి. చదివేవాళ్లకు నేపథ్య తనిఖీ జరిగిందా అని కూడా అడగండి, మొహమాటపడకండి. జవాబు నచ్చకపోతే ఫిర్యాదు రాసివ్వండి. బోర్డు సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి వేళ కేటాయిస్తారు, ముందుగా పేరు ఇచ్చి వెళ్లండి. అమెరికాలో ఇన్నేళ్లుగా ఉంటున్నాం, లైబ్రరీలు మనవాళ్లతో నిండి ఉంటాయి, బోర్డు సమావేశాల్లో మాత్రం మన ముఖాలు కనపడవు. అనుకూలంగా మాట్లాడతారో వ్యతిరేకంగా మాట్లాడతారో మీ ఇష్టం. వెనక వరసలో ఇంకో చెయ్యి లేచింది, చెప్పండమ్మా.